ఇంజనుకు పెట్టిన బొట్టు

నంద్యాల

కంబగిరి రెడ్డి గారికి,

మీ కొత్త ట్రాక్టరు పూజకు నేను ఆళ్లగడ్డ రాను. కారు పంపకండి.

మనం కలిసి వెళ్లిన జర్మనీ యాత్రలో రైలు దిగి రైల్వే మ్యూజియం చూడబోయినప్పుడు, నేను వద్దంటున్నా నా సంచిలోని కుంకుమ తీసి పాత ఇంజనుకు బొట్టు పెట్టింది మీరు. కాపలావాడు రాగానే మన గైడుతో, "ఈయప్ప పూజారి, ఈయప్పే పెట్టినాడు" అన్నారు. నా నామం చూసి వాడు నమ్మాడు. అందరి ముందూ నాచేతే తుడిపించాడు. పెట్టిన బొట్టు తుడవడం అర్చకుడికి ఎలాంటిదో మీకు తెలుసు. అయినా పక్క ఇంజను దగ్గర ఫొటోలు దిగుతూ నిలబడ్డారు.

ట్రాక్టరుకు బొట్టు మీరే పెట్టుకోండి. ఎవరు పెట్టారని అడిగితే, ఈసారైనా మీ పేరు చెప్పండి.

ఇట్లు,
మీతో వచ్చిన పూజారి