బాపు తాగిన చాయ్

మంగళవారం, బోయిన్‌పల్లి

ఈరోజు బాపుకు ఎండోస్కోపీ జరగలేదు. ఖాళీ కడుపుతో రమ్మంటే, కూరగాయల మార్కెట్‌లో చాయ్ తాగి వచ్చాడు.

"చాయ్ సుత తిండేనా బిడ్డా?" అని నర్సును నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు, వచ్చే వారం రమ్మంది.

మందులతో నొప్పి తగ్గినా, కడుపులో పుండు మానిందో లేదో మళ్లీ చూడాలని, ముక్క తీసి క్యాన్సర్ కాదని తేల్చుకోవాలని డాక్టర్ చెప్పింది. "నొప్పే లేదు గద, మల్ల పైపెందుకే?" అని బాపు ఆటోలో దారంతా గొణిగాడు.

శనివారం ఒక్కపొద్దుంటే పొద్దుగూకేదాకా చాయ్ ముట్టని మనిషి. ఈరోజు మరిచిపోయాడంటే ఎలా నమ్మను? భయపడ్డాడు.

కసురుకుందామనుకున్నాను. కానీ వాయిదా అనగానే నాకూ ప్రాణం తేలికపడింది. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ రిపోర్టు మొదట చదవాల్సింది నేనే...