ఇత్తడి పుల్ల

కొత్వాల్‌గూడ,
శంషాబాద్ దగ్గర.

అన్నయ్యకు,

చెల్లెలు సత్యవతి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మా ఆయనా బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదినకూ పిల్లలకూ ఒంట్లో కులాసాయేనా? నీ ఆరోగ్యం సంగతి అడగను. మొన్న ఫోనులో నువ్వు అరిచిన అరుపుకే తెలిసిపోయింది, నిక్షేపంగా ఉన్నావని.

ఫోనులో నన్ను మాట్లాడనివ్వకుండా పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేయలేవు. కళ్లజోడు కనబడలేదని సాకు చెప్పకుండా వదిన చేత చదివించుకో. గట్టిగానే చదవమను.

నువ్వు అడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తున్నాను. నేను వెంట తెచ్చుకున్న నాన్న పాత పడవ మోటారు తిరిగి పంపను. పాత ఇనుము కింద తూకానికి అమ్మనివ్వను. ఆడదానికి మోటారెందుకు అన్నావు కదా, ఎందుకో కింద రాస్తాను.

ఇక్కడ ఎండ మన ఎండలా కాదు. చెమట పట్టదు, పెదవులు పగిలిపోతాయి. సముద్రం హోరు లేక మొదట్లో చెవులు ఖాళీగా ఉన్నట్టుండేది. ఇప్పుడు విమానాల హోరు అలవాటైంది. నెత్తి మీంచి ఒకటి పోతుంటే మాట ఆపేసి, అది పోయాక మళ్లీ అందుకుంటాం. మా ఆయన ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల పెట్టెలు లాగే బండి నడుపుతున్నాడు. ఉద్యోగం బాగానే ఉంది, బెంగపడకండి. చేపలే నోటికి ఎక్కడం లేదు, అన్నీ చెరువు చేపలే. ఎండు రొయ్యలు అయిపోయాయి, ఎవరైనా ఇటు వస్తుంటే ఒక పొట్లం పంపమని వదినతో చెప్పు. నా కోపం నీ మీదే, రొయ్యల మీద కాదు.

నేను యాదయ్యన్న అనే ఆయన దుకాణంలో బోరు మోటార్లకు తీగ చుట్టే పనిలో చేరాను. గోనెసంచి విప్పి నాన్న మోటారు బల్ల మీద పెట్టిన రోజు ఆయన నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. "ఏంది చెల్లె గిది, పడవ మోటరా? ఇగ దీన్ని రన్‌వే మీద ఉరికిస్తవా?" అన్నాడు. నవ్వుతూనే బల్లలో సగం నాకు ఖాళీ చేసి ఇచ్చాడు.

దానికి ఏమున్నాయో చెప్పడం కంటే ఏం లేవో చెప్పడం తేలిక. పైమూత లేదు, తాడు చుట్టి లాగే చక్రం లేదు, లోపలి పళ్లచక్రాలకు పళ్లు లేవు, కంపెనీ పేరున్న రేకు కూడా లేదు. ఏ కంపెనీదో తెలియని మోటారుకు సామాను ఏమని అడుగుతాం? ఏడాదికోసారి నాన్న వేసిన రంగులన్నీ గీకుతూ పోయాను. అన్నిటికీ అడుగున అసలు ఎర్ర రంగు, దాని పక్కన పోతలోనే పోసిన అంకెలు బయటపడ్డాయి. ఆ అంకెలు పట్టుకుని బుద్వేల్ వైపు పాత సామాన్ల అంగడికి వెళ్లాను. పంకా తిప్పే పళ్లచక్రాలు కావాలంటే ఆయన సీలింగు ఫ్యాను రెక్కలు తెచ్చి ముందు పెట్టాడు! ఇక్కడ పంకా అంటే గాలి పంకాయే మరి. నీళ్లలో తిరిగే పంకా అని చేతులు తిప్పి చూపించాక, వెనక గుట్టలోంచి ఒక మోటారు కింది సగం లాగాడు. ఎవరో ఫామ్‌హౌసు వాళ్లు పారేసిందట. అవే అంకెలు. లోపల పళ్లచక్రాలు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. అంగట్లోనే నాకు ఏడుపొచ్చింది.

ఇక అసలు సంగతి. నాన్న మోటారుకు పంకా విప్పాను. పంకాను ఇరుసుకు పట్టి ఉంచే పుల్ల ఎంతకీ రాలేదు. నాన్న దాన్ని మెత్తటి ఇత్తడితోనే ఎందుకు చేసేవాడో నీకూ తెలుసు. ఏరు సముద్రంలో కలిసే మొగలో పంకా ఇసుక మేటకు తగిలితే ముందు ఆ పుల్లే తెగాలి. అది తెగితే ఇంకోటి వేసుకుని ఇంటికొస్తాం. తెగకపోతే ఆ దెబ్బంతా లోపలికి పోయి పళ్లు రాలతాయి. మాటిమాటికీ తెగుతోందని విసుక్కుని ఇత్తడి తీసి మేకు కొట్టేయడం మన రేవులో చాలామంది చేసే పనే. కానీ నేను సుత్తితో కొట్టి బయటికి తీసింది మేకు కాదు. విరిగిన డ్రిల్లు బిట్టు తోక. సైజు అంకె దాని మీద ఇంకా కనబడుతోంది.

మన రేవులో డ్రిల్లు మిషను ఎవరికి ఉందో నేను చెప్పాలా అన్నయ్యా?

ఆ రోజు ఈ మోటారుతో వెళ్లిన నీ పడవ మొగలో ఆగిపోయి, ఐసు కరిగి, చేపలన్నీ కుళ్లి, ఇంకొకళ్లు లాక్కొస్తే ఒడ్డుకు చేరావు. ముసలాయన బిగించిన మోటారు, ఆయన చెయ్యి పాడైపోయింది అన్నారు అందరూ. నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు. కాదని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నాన్న దగ్గరికి బాగుకు ఒక్క మోటారూ రాలేదు. ఆయన రెంచీల పెట్టె మంచం కిందికి పోయింది. నువ్వు మాత్రం ఆ మోటారును తూకానికి వేసెయ్యాలని ఎందుకంత తొందరపడ్డావో నాకిప్పుడు అర్థమైంది.

నాన్నకు ఫోను చేశాను. పుల్ల ఉండాల్సిన చోట ఏముందో తెలుసా అని అడిగాను.

"మూసెయ్యమ్మా. వాడు రేవులో తలెత్తుకుని తిరగాలి," అన్నాడు.

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నీ తల నిలబెట్టడానికి తన తల దించుకుని కూర్చున్నాడు. ఆయన మూసెయ్యమన్నాడని నేను మూయను. నువ్వు అరిచినా మూయను.

మోటారు నడిచింది. పక్కనే హిమాయత్‌సాగర్ ఉన్నా అది తాగే నీళ్ల చెరువు, అందులో దించనివ్వరు. మా ఇంటి ఓనరు లక్ష్మమ్మ గేదెలు నీళ్లు తాగే గోళెంలో దించాను. యాదయ్యన్న చేసిచ్చిన చక్రానికి తాడు చుట్టి లాగీ లాగీ రెక్కలు పడిపోయాక అందుకుంది చూడు, సగం నీళ్లు మా మొహాల మీదే! గేదె పలుపు తెంపుకుని పోయింది. "గిట్ల మొత్తుకుంటే నా బర్రె పాలెట్లిస్తది?" అని లక్ష్మమ్మ తిట్టింది. ఆ చప్పుడు అచ్చం మన రేవు చప్పుడే. నాకు ఆ తిట్లేవీ వినబడలేదు.

వినాయకుడి నిమజ్జనం అయ్యాక మేమిద్దరం వస్తాం, మోటారుతో సహా. ఆలోపు రేవులో నాన్న పక్కన నిలబడి, ఆ బిట్టు నేనే కొట్టానని నీ నోటితో చెప్పు. చెప్పావా, నా చేతులతో నీ పడవకే ఆ మోటారు బిగిస్తాను. చెప్పలేదా, అందరినీ పిలిచి అక్కడే నా డబ్బా విప్పి చూపిస్తాను. బిట్టూ, పళ్లు రాలిన చక్రాలూ డబ్బాలో దాచే ఉంచాను.

అమ్మకూ నాన్నకూ నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన కూడా కావాలి. కోపంలోనే అడుగుతున్నాను, అయినా ఇవ్వు.

ఈ కాగితం మడతలో ఒక ఇత్తడి పుల్ల పెట్టాను. నేనే కోసి, ఆకురాయి పట్టి చేశాను. సరిగ్గా వచ్చిందో లేదో నాన్న చూడాలి. వదిన చేతో పిల్లల చేతో పంపొద్దు. నువ్వే తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టు.

నీ చెల్లెలు,
సత్యవతి