మోపిదేవి మొక్కు

శనివారం, రాత్రి.

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. ఏడో తరగతితో ఆగిన చదువు, క్షమించాలి.

మంగళవారం అందరూ మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్తారట. ఆయన డెంగ్యూతో బందరు ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు ఆ స్వామికి మొక్కుకున్నది నేను. కారులో ఏడుగురికే చోటు. ఆడపడుచు పిల్లలకు కూడా దొరికింది, నాకు దొరకలేదు.

"గేదె ఈనేలా ఉంది, నువ్వు ఇంట్లో ఉండవే. నీ మొక్కు మేం తీర్చేసి వస్తాంలే, కొబ్బరికాయలేగా?" అంది అత్తయ్య.

"వదినకి కారు పడదు కూడానమ్మా, దారంతా వాంతులే," అని ఆడపడుచు నవ్వింది.

ఆయన తలెత్తకుండా పెరుగన్నం కలుపుకున్నారు. ఆ కంచం లాగేసుకోవాలనిపించింది.

నేను మొక్కింది కొబ్బరికాయలు కాదు, తలనీలాలు. సిగ్గుపడి అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కావాలనే చెప్పను. వాళ్ళు వెళ్ళి రానీ. ఆ తర్వాత బందరులో అవనిగడ్డ బస్సెక్కి, దారిలో మోపిదేవిలో దిగి, ఒక్కదాన్నే గుడికి వెళ్తాను. గుండుతో గుమ్మంలో నిలబడ్డప్పుడు అత్తయ్య ముఖం చూడాలి.

ఏవండీ, ఈ పేజీ మీకు దొరికితే మీ అమ్మకు చూపించకుండా పొయ్యిలో పడేయండి. జుట్టు నాది, దాన్ని మీరెవరూ మోసుకెళ్ళలేరు.