కావ్య చేతికి వేసిన నంబరు

జూన్ 3, మంగళవారం

కావ్య సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసు నుంచి వచ్చింది. బూట్లు విప్పలేదు. మెట్టు మీదే కూర్చుంది. అన్నం వద్దట. ఏడవలేదు — ఏడిస్తేనే బాగుండేది.

వెనకాలే అన్న ఫోను, మాట చివర ఇక్కడి మలాయ్ వాళ్ళలా ‘లా’ తగిలిస్తూ. "సెల్లీ, ఈ టోర్నమెంటుకి కేచరు కావ్య కాదు లా. కొత్తగా వచ్చిన నర్మదని కూకోబెడతన్నాను. కావ్య రైట్ ఫీల్డు." ఎందుకూ అన్నాను. "నంబరు పడిపోనాది."

నంబరట! మూడేళ్ళుగా బ్యాటు వెనక గొంతుక్కూర్చుని, మోకాళ్ళు అరగదీసుకుని బంతులు పట్టిన పిల్ల. వేలు వాచిన రోజు కూడా మానలేదు. ఈ నెల టోర్నమెంటుకి స్టేట్ సెలెక్టర్లు వస్తారని పిల్ల జనవరి నుంచి ఎదురుచూస్తోంది. కేచరుగా కనపడితేనే దానికి దారి. రైట్ ఫీల్డులో నిలబెడితే — అక్కడికి బంతే రాదు, దాన్ని చూసేవాడెవడు?

కోచ్ అట. సొంత మేనమామ. ఛీ.

జూన్ 4, బుధవారం

అన్నది వైరింగు పని. చేతిలో స్క్రూడ్రైవరు లేకపోతే కంప్యూటరు. అందులో బేస్‌బాల్ ఆట. ఆట అంటే ఆడేదేం లేదు, కొట్టేది లేదు, పరిగెత్తేది లేదు. మేనేజరులా కూర్చుని అంకెలు చూడ్డమే. ఆటగాడి చూపుకో అంకె, బలానికో అంకె, కాళ్ళకో అంకె, చేతికో అంకె. ఇరవై నుంచి ఎనభై దాకా. యాభై అంటే సగటు. సున్నా నుంచి వంద ఎందుకు కాదూ అని ఫోన్లో అడిగాను. "అలగే లా. అమెరికాలో ఆటగాళ్ళని సూసేవోళ్ళు అలగే ఏస్తారు."

మన పిల్లలు ఆడేది బేస్‌బాల్ కూడా కాదు. సాఫ్ట్‌బాల్. బంతి పెద్దది, కింద నుంచి విసురుతారు, బేసుల మధ్య దూరం తక్కువ. అదీ చెప్పాను. "అన్నీ ఒకటే లా." అన్నీ ఒకటే అయితే నువ్వు ఇంటికి వైరింగు చేసినా కోడిగూడుకి చేసినా ఒకటేనా అన్నాను. పెట్టేశాడు.

జూన్ 7, శనివారం

అన్న ఇంటికి వెళ్ళాను. వదిన మురుకులు పెట్టింది. అన్న తెర మీద పిల్లల్ని పెట్టాడు — మన తెలుగు సంఘం టీములో ఆడే అమ్మాయిలందర్నీ ఆటలోకి ఎక్కించేశాడు! పేరు, ఎత్తు, పుట్టినరోజు. ఎదురుగా అంకెలు. మంచివి నీలం, చెడ్డవి ఎరుపు. కావ్య చేయి: 35. ఎర్రగా.

పక్కన ఇంకో అంకె. 40. అదేటి అన్నాను.

"పొటెన్షియలు. పెద్దైతే ఎంతవరకూ ఎదుగుతాదో అది."

పదహారేళ్ళ పిల్ల నలభై దాటదని ఎవడు చెప్పాడు? స్కౌటు. ఎవడా స్కౌటు? ఆటలో ఒక బొమ్మ. మీసాలాయన. మా ఊరు బంటింగ్ ఎప్పుడూ రాలేదు, రాలేడు కూడా — అసలు లేడు కాబట్టి. "ఆడి మాటలో కూడా తప్పుంటాది లా. నిజం నంబరు ఆట లోపలే దాసేస్తాది. స్కౌటు ఉరమరగా సెప్తాడు." ఇది చెప్తూ నవ్వుతున్నాడు, అదేదో గొప్పతనమన్నట్టు.

అంటే నిజమైన అంకె ఎవరికీ కనపడదు. లేని మనిషొకడు దాన్ని ఉజ్జాయింపుగా చెప్తాడు. అది విని నా అన్న నా కూతుర్ని పక్కన పెడతాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మురుకు పళ్ళెంలో పెట్టేశాను.

మొదటి అంకెలు ఎవరు వేశారు అన్నాను. "నానే. ఏప్రిల్లో పిల్లల్ని సూసి ఏసినాను. కావ్యకి యాభై అయిదు ఏసినాను. మే నెలలో సూస్తే ముప్పై అయిదు." మే నెలలో కావ్య పరీక్షలు. అది తప్ప దాని చేతికి ఏమీ కాలేదు. నాకు తెలీదూ?

జూన్ 8, ఆదివారం

నలభై దాటదట. థూ.

జూన్ 10, మంగళవారం

కావ్య కేచరు ముసుగు తుడుస్తోంది. ఎందుకో. ఇప్పుడది దానిది కాదు. అత్త పక్కన కూర్చుంది.

"ఓలమ్మా, మొకానికి ఆ ఇనప జల్లెడేటే?"

"బాల్ తగలకుండా, పాటీ." నాయనమ్మని అలాగే పిలుస్తుంది.

అత్తకి సంగతంతా చెప్పాను. తమలపాకు నములుతూ విన్నది. "మడిసికి నంబరేటి? రబ్బరు ఎస్టేటులో ఏసేవోరు నంబర్లు. తెల్లారగట్ట హాజరుకి నిలబెట్టి నంబరుతోనే పిలిసీవోరు. ఆ పిలుపు పడనేకే గదే మీ మావ ఈ బంటింగొచ్చి కొట్టెట్టుకున్నాడు." తర్వాత ఉమ్మేసి వచ్చి, "మీ అన్నకి ఎర్రి ముదిరినాది," అంది. అత్తా నేనూ ఒక మాట మీద ఉండటం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు.

మా ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే? పిల్ల ఊరుకుంది గదా." పిల్ల ఊరుకోవడమే నాకు భయంగా ఉంది.

జూన్ 14, శనివారం

పడాంగుకి, అదే ఆట మైదానానికి, వెళ్ళాను. తడిసిన గడ్డి, బురద. పిల్లలు ఆడుతున్నారు. అన్న పక్కన నిలబడి ఫోను చూస్తున్నాడు — తెర మీద కూడా వాళ్ళే ఆడుతున్నారట, అక్కడ రెండో సీజను నడుస్తోందట.

నర్మద మంచి పిల్ల. మోరిబ్ నుంచి బస్సులో వస్తుంది పాపం. కానీ బంతి నేలన పడి లేస్తే తల తిప్పేసుకుంటుంది. బంతి వెనక్కి పోతుంది. కావ్య అలా తల తిప్పడం నేను చూడలేదు. ఎస్టేటు స్కూల్లో నేనూ కేచరునే. తల తిప్పుకోకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. దానికి ఆటలో అంకె ఉందా అని అడిగాను. "అది లేదు లా."

ఇంకా రోత ఏమిటంటే — పిల్లలు ఒకర్నొకరు అంకెలతో పిలుచుకుంటున్నారు. "ఏయ్ ఫార్టీఫైవ్, ఇంగె వా!" "ఫార్టీ, వాటర్ పాస్ చేయ్ లా!" కావ్యని థర్టీఫైవ్ అని పిలిస్తే కావ్య పలికింది. నవ్వుతూ పలికింది.

మోటారుసైకిలు మీద ఇంటికొస్తూ దారంతా తిట్టాను. 

జూన్ 15, ఆదివారం

మళ్ళీ అన్న ఇంటికి. వదినే చూపించింది, వద్దంటున్నా. ఆటలో టీముకి సిబ్బంది కూడా ఉంటారట. సరదాకి ఇంట్లోవాళ్ళందర్నీ అందులో వేశాడు. నాకు — నాయకత్వం 30. విధేయత 25. తెలివి 50. కోపానికి అంకె లేదు కాబట్టి సరిపోయింది.

వదినకి విధేయత 70.

ఎవరికి విధేయత? ఎందుకు విధేయత? ముప్పై మంది ఆడవాళ్ళ చేత బిస్కెట్ ఫ్యాక్టరీలో లైను నడిపిస్తున్నాను, నాయకత్వం ముప్పైయట!

కానీ రాయాలి కదా, ఎవరూ చూడరు కదా. ఆ అంకె చూడగానే ముందు వదిన తెలివి ఎంతో చూశాను. నలభై ఐదు. ఒక్క క్షణం చల్లగా అనిపించింది. తర్వాత నన్ను చూసి నాకే రోత పుట్టింది.

జూన్ 17, మంగళవారం

దొరికింది.

ఫ్యాక్టరీ నుంచి తిన్నగా అన్న దగ్గరికి పోయాను. కావ్య ఒక్కదానిదేనా పడింది, మిగతా పిల్లలవీ చూపించు అన్నాను. చూపించాడు. అందరివీ పడ్డాయి! ఏప్రిల్లో ఉన్న ప్రతి పిల్లదీ. ఒక్కసారే. నర్మదది తప్ప.

"అందరూ ఒక్కరోజే పాడైపోతారేటన్నా? ఆ రోజు నువ్వేటి సేసినావు?"

తల గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాడు. చివరికి — ఇంటర్నెట్‌లో ఎవడో జపాన్ ఆడపిల్లల టీమంతా అంకెలతో సహా పెడితే, పోటీ బాగుంటుందని మన పిల్లల లీగులోకి దింపాడట. జపాన్ పిల్లలు!

ఆ ఆటలో అంకె ఎవరికి వారిది కాదు. లీగులో ఉన్నవాళ్ళందరి మధ్య నువ్వెక్కడున్నావో, అది. జపాన్ వాళ్ళు దిగగానే సగటు పైకి పోయింది, మన పిల్లలు కిందికి పోయారు. చేతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తర్వాత నర్మద టీములోకి వచ్చింది, దానికి తన అలవాటు ప్రకారం యాభై వేశాడు. అంటే ఆ బురదలో తల తిప్పుకునే పిల్ల జపాన్ వాళ్ళతో సమానం, నా కూతురు నలభై దాటదు!

మానికతో కొలిచిన బియ్యాన్ని కుంచంతో మళ్ళీ కొలిచి, తగ్గిపోయాయని ఏడ్చినట్టుంది. అదే మాట అన్న మొహాన అన్నాను. వదిన నవ్వింది. డెబ్బై విధేయత ఏమైందో.

జూన్ 18, బుధవారం

అన్న వేడి వేడి పిసాంగ్ గోరెంగ్ పట్టుకొచ్చాడు. అరటిపండు బజ్జీలతో నా నోరు మూయించొచ్చని చిన్నప్పటి నుంచీ వాడి నమ్మకం. జపాన్ టీముని తీసేశాడట. అన్నీ మళ్ళీ పైకొచ్చాయట.

కావ్యని పిలిచి, తల నిమిరి — "నువ్వు మళ్ళీ ఫిఫ్టీఫైవ్ లా. కేచరు నువ్వే." అంతే. తప్పు నాదని లేదు. అనవసరంగా నిన్ను బాధపెట్టానని లేదు.

కావ్య మొహం వెలిగిపోయింది. పరీక్షలో పాసైనట్టు. "థాంక్స్ మావా!" అంది. ముసుగు తగిలించుకుని ఇల్లంతా తిరిగింది. అత్త జడుసుకుంది.

గెలిచాను. నా పిల్ల చోటు నా పిల్లకి ఇప్పించాను. మరి ఎందుకో హాయిగా లేదు. బజ్జీలు అయిదు తిన్నాను, బహుశా అందుకే.

జూన్ 20, శుక్రవారం

వాన. ప్రాక్టీసు లేదు. కావ్య మావ ఇంట్లో ఉంది. రేపు ఆడే అవతలి టీముని కూడా అన్న ఆటలోకి ఎక్కించాడట, వాళ్ళ అంకెలు చూస్తోందట.

జూన్ 21, శనివారం

ఓడిపోయాం.

ఓడితే ఓడాం. అది కాదు.

బటాంగ్ బెర్జుంటై పిల్లలతో ఆట. సెలెక్టర్లు ఇద్దరూ టోపీలు పెట్టుకుని సరిగ్గా కేచరు వెనకే కూర్చున్నారు. ఇంతకన్నా ఏం కావాలి? మొదటి బేసు మీద పొట్టి పిల్ల, జడ బిగించి కట్టింది. పిచ్చరు బంతి వదలగానే రెండో బేసుకి పరుగు తీసింది — అది చేరేలోపు కేచరు బంతి అక్కడికి విసిరితే అవుట్. కావ్య శుభ్రంగా పట్టింది, లేచింది, చెయ్యెత్తింది. అంతే. విసరలేదు.

కాలు జారిందనుకున్నాను.

మళ్ళీ పరిగెత్తారు. మళ్ళీ పట్టింది, లేచింది, విసరలేదు. మూడోసారికి అవతలి పిల్లలకి అర్థమైపోయింది. నడుచుకుంటూ పోయినట్టు పోయారు. "వెయ్యి! వెయ్యవే!" అని నేను కంచె పట్టుకుని అరుస్తున్నాను. పక్కనున్న మలాయ్ ఆవిడ నాకు నీళ్ళ సీసా ఇచ్చింది.

ఒక సెలెక్టరు ఏదో రాసుకున్నాడు. రెండోవాడు రాయడం కూడా మానేశాడు.

జూన్ 22, ఆదివారం

పొద్దున్న దోసెలు వేస్తూ అడిగాను. అరవకూడదని ఒట్టు పెట్టుకుని అడిగాను. ఎందుకు విసరలేదమ్మా?

దాని గొంతులో బాధ కూడా లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

"అమ్మా, నా ఆర్మ్ ఫిఫ్టీఫైవ్. ఆ షార్ట్ గర్ల్ స్పీడ్ సిక్స్టీఫైవ్. మావ సూపించినాడు. ఏసినా అవుట్ అవదు గదా. రాంగ్‌గా పోతే ఇంకో బేస్ ఎల్లిపోద్ది. సో, సుమ్మా, ఊరికే పట్టుకున్నాను."

"ముందు అన్నీ విసిరేదానివి గదే!"

"ముందు నాకు తెలీదు గదా."

దోసె మాడిపోయింది.

ముందు — ఏమీ తెలియనప్పుడు — వచ్చిన ప్రతిదానికీ విసిరేది. సగం సరిగ్గా చేరేవి, సగం పోయేవి. పోయినప్పుడు "సారీ సారీ!" అని అరిచి మళ్ళీ కూర్చునేది. ముప్పై అయిదు తప్పు, యాభై అయిదు ఒప్పు అని నేను మానికలూ కుంచాలూ పట్టుకుని పోట్లాడాను. ఆ ఒప్పు అంకే పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. అన్నని తిట్టడానికి ఫోను తీశాను. ఏమని తిట్టాలో తెలియక పెట్టేశాను.

జూన్ 23, సోమవారం

లైను ఆగింది. ఎందుకాగిందో చూడలేదు. బుర్ర ఇక్కడ లేదు.

జూన్ 24, మంగళవారం

సెలెక్టర్లు అన్నకి చెప్పారట — పట్టడం బాగుంది, విసరదేం? వచ్చే శనివారం ఇంకో ట్రయలు ఉంది, తీసుకురండి, ఒకసారి చూస్తాం. ఇంకో అవకాశం. అత్త సింహాద్రప్పన్నకి మొక్కుకుంది. నాకూ ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం కావ్య పక్కకొచ్చి కూర్చుంది. నేను చిక్కుళ్ళు తుంచుతున్నాను. శనివారం ఏం చెప్పాలో మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. అంకెలన్నీ మర్చిపోవే, కాళ్ళు కదిపి విసిరెయ్యి, పోతే పోతుంది, నేనున్నాను... ఇలాంటివి. నోరు తెరవబోయాను.

"అమ్మా, నువ్వు ఆడినప్పుడు నీ ఆర్మ్ ఎంతుండేది?"

నాకు అంకె లేదు అనాలి. మా రోజుల్లో ఎవరూ వెయ్యలేదు అనాలి. అది నిజం కూడా. ఆ మీసాల బొమ్మ మొహాన ఉమ్మెయ్యమనాలి.

"అరవై ఉంటాది," అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందో. పిల్ల కంటే ఒక మెట్టు పైన వేసుకున్నాను, చూడు! ఛీ నా నోరు.

కావ్య నా వైపు తిరిగింది. "మరి నాకు ఫిఫ్టీఫైవే ఏటి?" అంది. కోపం లేదు, ఊరికే అడిగింది. లేచి లోపలికెళ్ళింది.

ఇప్పుడు ఫోనులో మాట్లాడుతోంది. ఇక్కడికి వినపడుతోంది. "మావా, అమ్మది సిక్స్టీ అంట. ఆటలో ఏసుకో."

లేచి వెళ్ళాలి. వెళ్ళి ఏమని చెప్పాలి...