పలకరించాలా, ఊరుకోవాలా

ఇంద్రేశం,
ఆదివారం

ఎల్సీ అత్తా,

కువైట్ ఆసుపత్రిలో ఎన్నో దేశాల నర్సులకు హెడ్‌గా పనిచేసినదానివి కనుక నిన్నే అడుగుతున్నాను.

పటాన్‌చెరు మందుల కంపెనీలో నేను నడిపే టీములో ఇథియోపియాలోనే ఉండి పనిచేసే దావిత్, జర్మనీలోనే ఉండి పనిచేసే మార్టిన్ ఉన్నారు. పోయిన నెల దావిత్ తల్లి చనిపోయింది. "అది ఆయన సొంత విషయం, కదిలించొద్దు" అన్నాడు మార్టిన్. ఇక్కడి శ్రీకాంత్ మాత్రం, "మేడం, మనోళ్లయితే పోయి కూసుంటం గదా! జెర ఫోనన్న చెయ్యుండ్రి" అన్నాడు. నేను మార్టిన్ చెప్పిందే మర్యాద అనుకుని అందరినీ ఆపాను.

వారం తర్వాత దావిత్ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది: "మీరంతా క్షేమమేనా?"

వెంటనే ఫోన్ చేశాను. "ఇల్లంతా జనమే ఉన్నారు. మీ దగ్గర నుంచే ఎవరూ పలకరించలేదు. మీకేమైనా అయిందేమోనని అడిగాను" అన్నాడు. ఇప్పటికీ నాతో పనికి మించి మాట్లాడడు.

ఈ ఉదయం మార్టిన్ తండ్రి పోయారు. నాకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది దావితే. "ఆయనతో మాట్లాడారా?" అనీ అడిగాడు. ఫోన్ చేస్తే మార్టిన్‌కు కష్టమేమో, చేయకపోతే దావిత్ ఏమనుకుంటాడో అని తేల్చుకోలేకపోయాను. చివరికి, "మిమ్మల్ని కదిలించొచ్చా?" అని మార్టిన్‌నే మెసేజ్‌లో అడిగాను.

ఇది రాస్తుండగానే జవాబు వచ్చింది: "ఫోన్ పక్కనే కూర్చున్నాను."

ఏం మాట్లాడాలో తెలియడం లేదత్తా. అయినా ఫోన్ చేస్తున్నాను. మా కోసం ప్రార్థన చెయ్యి.

నీ మేనకోడలు