అన్న మగ్గం గుంటలో నీళ్లు

ఎమ్మిగనూరు, 1978. మంగళవారం.

నేను బాప్తిస్మం తీసుకున్నానన్న కోపంతో అన్న పోయిన వారం నా మగ్గం మీది పడుగు దారాలన్నీ కోసేశాడు. నెల రోజుల పని పాడైంది. ఈరోజు పొద్దున వాన నీళ్లు ఆయన మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి చేరాయని తెలిసి, బకెట్ తీసుకుని వెళ్లాను.

"నిన్నెవురు పిల్సినార్రా?" అన్నాడు అన్న.

"ఎవురూ పిలవల్యా. నూలు తడుస్తాంది, జరుగన్నా."

మధ్యాహ్నం దాకా ఇద్దరం నీళ్లు తోడాం. వదిన నాకు మజ్జిగ తెచ్చిస్తే అన్న లోటా లాక్కుని పారబోశాడు. నేను తోడుతూనే ఉన్నాను.

శత్రువుల్ని ప్రేమించమన్నాడు ప్రభువు. అన్న శత్రువా? నాలో ప్రేమా లేదు, కోపమూ లేదు. మనసు మొద్దుబారిపోయింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ, "రేపు గూడా పోతావా?" అని అడిగింది.

"గుంటలో ఇంకా బురదుంది" అన్నాను.