ఎడలో పెట్టిన బజ్జీలు

సుశీలా,

నిన్న నీ సంవత్సరీకం చేశాం. నీకిష్టమని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేయించి, విస్తరిలో నీకు ఎడ పెట్టి, కాకులు ముడతాయని మిద్దె మీద ఉంచాను. ఆ ఎండకు ఒక్క కాకీ రాలేదు. నీ పేరున పెట్టింది పారేయడానికి మనసొప్పక, గోడ నీడన నువ్వు ఎరువు కోసం పెట్టుకున్న వానపాముల తొట్టిలో వేసి మూత పెట్టాను. నువ్వు పెంచినవి తింటే నువ్వు తిన్నట్టే అనుకున్నాను.

ఈ పొద్దున చూస్తే అవన్నీ పైకి పాకి మూతకు అతుక్కుని ఉన్నాయి. కొన్ని బయటపడి గచ్చు మీద ఎండిపోయాయి.

నా కేకకు మన పద్మ పైకొచ్చింది.

"ఏం పని నాయనా ఇది? ఉప్పూకారం ఏస్తే అవి బతుకుతాయా?"

"మీయమ్మకు ఇష్టమైనవే కదమ్మా ఏసినా."

"అమ్మ కారం యాడ తింటాండె? బజ్జీలు నీకిష్టమని చేస్తాండె."

ఇద్దరం కూర్చుని బజ్జీలూ ఉగ్గానీ ఏరేశాం. తొట్టి మీద తడి గోనెసంచి కప్పాం. బతికినవి మెల్లగా మట్టిలోకి దిగాయి. పద్మ అరటితొక్కలు తుంచి వేస్తూ, వాటికి ఇవంటే ప్రాణమని నువ్వు చెప్పేదానివంది. ఆ ఎరువుతో నువ్వు కుండీల్లో కాయించిన వంకాయలు ఇన్నేళ్లూ తిన్నాను. కారం చాల్లేదని కసురుకున్నాను కూడా.

వాటికేమిష్టమో ఇవాళ తెలిసింది. నీకేమిష్టమో ఇంకా తెలియదు. పద్మను అడుగుదామని నోటిదాకా వచ్చింది. కన్నబిడ్డను ఆ మాట అడగడానికి సిగ్గేసి, గోనెసంచి బాగా తడిసిందా అని అడిగాను.